వారం వారం థీమ్ ఇస్తున్నారు, ఐడియాలే రావట్లేదు. మీరెలా తీస్తున్నారు?

ఆదివారం క్లిక్కు:

అందరికీ నమస్తే. ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ దొరికినప్పుడు ఫొటోలు తీసే మనిషిని, దీంతో సంపాదించాలనే ఆలోచన ఏమీ లేదు. వారానికో థీమ్ చొప్పున ఏడాదికి 52 ఫొటోలు తీసే ఛాలెంజ్ ఒకదాంట్లో చేరాను. మొదట్లో భలే ఊపుగా ఉండేది. 'ఎరుపు', 'గీతలు', 'నీడ' ఇలాంటివి వచ్చినప్పుడు పనికి వెళ్లే దారంతా కళ్లు వాటి మీదే ఉండేవి, రోజూ ఎక్కి దిగే మెట్లలో కూడా అదివరకు చూడనిదేదో కనిపించేది.

రానురాను ఆ ఊపు తగ్గిపోయింది. ఇప్పుడు సోమవారం థీమ్ రాగానే 'అబ్బా, మళ్లీనా' అనిపిస్తోంది. శుక్రవారం దాకా వాయిదా, శనివారం టెన్షన్, ఆదివారం రాత్రి ఇంట్లో చేతికి దొరికినదాన్ని టేబుల్ లైటు కింద పెట్టి క్లిక్కుమనిపించి పెట్టేయడం. తీరా పెట్టాక చూస్తే మిగతావాళ్లవీ దాదాపు అవే ఫొటోలు. 'నీడ' అంటే అందరూ కిటికీ ఊచల నీడే, 'ప్రతిబింబం' అంటే అందరూ నీటి గుంటే.

ఈ వారం 'ఎదురుచూపు' ఇచ్చారు. వెంటనే తట్టింది బస్‌స్టాప్, గోడగడియారం, సగం తెరిచిన తలుపు. అంతే, బుర్ర అక్కడే ఆగిపోయింది. వస్తువులూ రంగులూ అయితే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఇలాంటి భావాలు ఇస్తే వాటిని ఎక్కడని వెతకాలి?

నా దగ్గర ఒక మామూలు మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ కిట్ లెన్స్ ఉన్నాయి, ఫోన్ ఎలాగూ ఉంటుంది. కొత్త లెన్స్ కొనుక్కో అనే సలహా మాత్రం వద్దు, అది నాకు నేనే రోజూ ఇచ్చుకుంటున్నాను. మీలో చాలాకాలంగా ఇలా థీమ్‌లతో తీస్తున్నవాళ్లు అసలు ఐడియాలు ఎలా పట్టుకుంటున్నారు? ఒక వారం మానేస్తే కొంపలు మునుగుతాయా? పాత ఫొటోల్లోంచి థీమ్‌కి సరిపోయేది ఒకటి తీసి పెట్టేయొచ్చా?

పాతలెన్స్:

బస్‌స్టాప్, గడియారం, తలుపు తట్టాయంటే మీ బుర్ర బాగానే పనిచేస్తోందండి. ఎవరికైనా ముందు తట్టేవి అవే. వాటిని వద్దనుకుని కూర్చుంటే ఇంకోటి రాదు, అవే అడ్డంగా నిలబడతాయి. అందుకని నేను ఆ మొదటి ఫొటోని సోమవారమో మంగళవారమో తీసి పారేస్తాను. బాగుందా లేదా అని చూడను. అది కార్డులో పడిపోయాక మనసు కుదుటపడుతుంది, ఎలాగూ పెట్టడానికి ఒకటుంది కాబట్టి. ఆ తర్వాత మిగిలిన నాలుగైదు రోజులు ఊరికే కళ్లు తెరుచుకుని తిరగడమే. ఆదివారం రాత్రి మొదలుపెడితే మీకు దొరికేది మొదటి ఐడియా ఒక్కటే, దాన్ని దాటి పోవడానికి టైమ్ ఎక్కడుంది?

ఇక భావాలున్న థీమ్‌ల సంగతి. 'ఎదురుచూపు' అనే మాటని అలాగే పట్టుకుంటే ఏమీ దొరకదు. ఎదురుచూసే మనిషి ఏం చేస్తాడో చూడండి. కుర్చీలో పూర్తిగా వెనక్కి ఆనుకోడు, అంచు మీద కూర్చుంటాడు. చేతిలో తాళాల గుత్తి ఉంటే దాన్ని వేలికి తగిలించి తిప్పుతూ ఉంటాడు. ఫోన్ తెర ఆరిపోతే మళ్లీ వెలిగిస్తాడు, అందులో చూసేదేమీ ఉండదు. చెప్పులు విడవడు. ఇవన్నీ ఫొటోలే కదా. మొహం అక్కర్లేదు, గడియారం అసలే అక్కర్లేదు.

నేనైతే ఆ తాళాల గుత్తి తీస్తాను. షట్టర్ 1/8 సెకను దగ్గర పెట్టి (అంటే అంతసేపు తెరుచుకుని ఉండేలా), కెమెరాని టేబుల్ మీదో పుస్తకాల మీదో కదలకుండా ఆనించి, పక్కవాళ్లెవరినైనా వేలికి గుత్తి తిప్పుతూ ఉండమంటే చెయ్యి స్పష్టంగా వస్తుంది, తాళాలు మాత్రం వెండి చారలా చెదిరిపోతాయి. ఒకటికి పదిసార్లు నొక్కండి, చెయ్యి కూడా కాస్త కదులుతుంది కాబట్టి అన్నీ కుదరవు. ఎదురుచూపు అని కింద రాయకపోయినా తెలిసిపోతుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ తీసిన క్యాప్సికమ్ ఫొటో మీరు చూసే ఉంటారు, 'పెప్పర్ నంబర్ 30', 1930లో తీసింది. ఆ నంబర్ ఊరికే రాలేదు. అంతకు ముందు ఏడాది నుంచే ఆయన క్యాప్సికమ్‌లు తీస్తూ ఉన్నాడు, రకరకాల బ్యాక్‌గ్రౌండ్‌లు పెట్టి చూశాడు, చివరికి ఒక తగరపు గరాటు మూతిలో పెట్టి తీస్తే ఆ వంపుల మీద వెలుగు కావలసినట్టు పడింది. ఆయనకీ మొదటి క్యాప్సికమ్‌తోనే పని అయిపోయి ఉంటే మనం ఇవాళ దాని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

పాత ఫొటోల విషయంలో మాత్రం నేను కొంచెం మొండి. వద్దు. పాత హార్డ్ డిస్క్‌లో వెతకడం మొదలుపెడితే మీరు ఫొటోగ్రఫీ చేయట్లేదు, ఫైళ్లు సర్దుతున్నారు.

కిటికీ పక్క:

పాతలెన్స్ గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. 'కళ్లు తెరుచుకుని తిరగడం' దగ్గర మాత్రం నాకు పేచీ. ఉద్యోగం, ఇల్లు, వానలు, అలసట... రోజూ తిరగడానికి టైమ్ ఎవరికుంది? తిరిగినా ప్రతి వీధీ కొత్తగా ఉంటుంది కాబట్టి ఏది తీయాలో తేలక ఇంకా గందరగోళం.

నేను దీనికి పూర్తిగా ఉల్టా చేస్తాను. ఒక చోటు పట్టుకుంటాను, థీమ్‌ని అక్కడికి రప్పిస్తాను. నా చోటు ఇంట్లో ఒక కిటికీ, దాని ముందు ఒక బల్ల. 'నీడ' వచ్చినా అక్కడే, 'నీలం' వచ్చినా అక్కడే, 'శబ్దం' వచ్చినప్పుడు కూడా అక్కడే తీశాను (గాలికి అద్దాన్ని కొట్టుకుంటున్న కర్టెన్ తాడు). చోటు మారదు కాబట్టి వెలుగు గురించి నాకు ముందే తెలుసు. ఏ పూట ఎండ బల్ల మీదికి వస్తుందో, ఏ పూట ఎదుటి గోడ నుంచి మెత్తగా తిరిగి వస్తుందో లెక్కుంది. ఇక నేను ఆలోచించాల్సింది థీమ్ ఒక్కదాని గురించే.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. యోసెఫ్ సుడెక్ అని ప్రాగ్‌లో ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది, ఒంటి చేత్తోనే పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుంటూ తిరిగి తీసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నగరం నాజీల చేతిలో ఉన్నప్పుడు బయట కెమెరా పట్టుకు తిరగడమే కష్టమైంది. అప్పుడు తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టాడు. 1940 నుంచి 1954 దాకా అదే కిటికీ. అద్దం మీద ఆవిరి, మంచు, జారుతున్న బొట్లు, వెనక పెరట్లో వంకర తిరిగిన ఒక చెట్టు. ఒకసారి చెట్టు స్పష్టంగా ఉంటే ఇంకోసారి అద్దం మీది ఆవిరే బొమ్మంతా ఆక్రమిస్తుంది. వరసగా చూస్తే ఒకే కిటికీ అని గుర్తుంటుంది గానీ, విసుగు మాత్రం రాదు.

కాబట్టి ఆదివారం క్లిక్కు గారూ, ఇంట్లో చేతికి దొరికినది తీస్తున్నందుకు బాధపడకండి. అందులో తప్పేం లేదు. కాకపోతే టేబుల్ లైటు కింద రాత్రిపూట తీయడం మానేసి పొద్దున్నే ఒక పావుగంట కిటికీ దగ్గర తీయండి. టేబుల్ లైటు ప్రతి వస్తువునీ ఒకేలా చేసేస్తుంది. కిటికీ పక్కన వస్తువుని ఒక జానెడు జరిపినా తేడా కనిపిస్తుంది, అద్దానికి దగ్గరగా ఉంటే ఒక పక్క వెలుగు రెండో పక్క చీకటి, గదిలోకి జరిపేకొద్దీ రెండు వైపులా తేడా తగ్గుతుంది.

మానేస్తే కొంపలేం మునగవు. నేను నచ్చని థీమ్ వస్తే శుభ్రంగా వదిలేస్తాను. పండగ పేర్లు, 'ప్రేమ', 'స్నేహం' లాంటివి వస్తే ఇంక చూడను కూడా.

మసక అంచు:

పైన ఇద్దరూ ఐడియాల గురించి చెప్పారు, నేను ఇంకో దారి చెప్తాను. థీమ్ రాగానే 'ఏం తీయాలి' అనుకోను, 'దీని వంకతో ఏం నేర్చుకోవచ్చు' అని చూస్తాను. ఐడియా తర్వాత దానంతటదే వస్తుంది, రాకపోయినా ఆ వారం వృథా కాదు. ప్రతి థీమ్ వెనకా ఎక్స్‌పోజరో (ఫొటో ఎంత వెలుగుగా రావాలనేది), ఫోకసో, వెలుగో ఏదో ఒక పాఠం ఉంటుంది.

మీరు 'నీడ' గురించి అన్నారు కాబట్టి అదే తీసుకుందాం. కిటికీ ఊచల నీడ అందరూ తీశారు, నిజమే. కానీ నీడ అంచు ఎందుకు ఒకచోట గీత గీసినట్టు, ఇంకోచోట అలికేసినట్టు ఉంటుందో చూశారా? సూర్యుడు మనకి చుక్కలా కనపడడు, ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల గోడకి మీటరు దూరంలో ఉన్న వస్తువు నీడ అంచు ఇంచుమించు సెంటీమీటరు మేర మసకబారుతుంది, మూడు మీటర్ల దూరంలో ఉంటే మూడు సెంటీమీటర్లు. ఇది తెలిశాక నా చేతిలో ఒక కంట్రోల్ వచ్చినట్టయింది. పదునైన నీడ కావాలా, వస్తువుని గోడ దగ్గరికి జరుపు. మెత్తటి నీడ కావాలా, దూరం జరుపు. అంతే. చెట్టు కింద నేల మీద గుండ్రటి వెలుగు మచ్చలు పడతాయి చూడండి, అవి ఆకుల మధ్య సందుల ఆకారాలు కావు, సూర్యుడి బింబాలు. చిన్న సందు ఒక్కొక్కటీ పిన్‌హోల్ కెమెరాలా (లెన్స్ బదులు సూది బెజ్జం ఉండే కెమెరా) పనిచేస్తుంది. సూర్యగ్రహణం పట్టినప్పుడు అవే మచ్చలు నెలవంకల్లా మారిపోతాయి. ఇది తెలిసిన మనిషి 'నీడ' థీమ్‌కి కిటికీ ఊచల దగ్గర ఆగడు కదా.

'ప్రతిబింబం' కూడా అంతే. అద్దంలో బొమ్మని ఫోకస్ చేయబోతే కెమెరా అద్దం మీది దుమ్మునో ఫ్రేమ్‌నో పట్టుకుంటుంది. ఎందుకంటే మీరు అద్దానికి రెండు మీటర్ల దూరంలో, వస్తువు అద్దానికి ఒక మీటరు దూరంలో ఉంటే లెన్స్ ఫోకస్ అవ్వాల్సింది మూడు మీటర్లకి. ఆ రెండు దూరాల మధ్య ఏది స్పష్టంగా ఉండాలో తేల్చుకోవడమే ఆ ఫొటో. దుమ్ముకే ఫోకస్ పెట్టి మనిషిని మసకగా వదిలేసినా బాగుంటుంది, ఒకసారి చేసి చూడండి. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టర్) ఉంటే నీటి మీదా గాజు మీదా ప్రతిబింబాన్ని పెంచొచ్చు తగ్గించొచ్చు, లోహం మీద మాత్రం దాని పప్పులు ఉడకవు.

ఇంకోటి, 'తెలుపు' థీమ్ వస్తే సగం ఫొటోలు బూడిద రంగులో ఉంటాయి. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి తెల్ల గోడ అని తెలియదు, ఏది చూపించినా మధ్యస్థ బూడిదకి తెచ్చిపెడుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 నుంచి +1.7 దాకా పెంచితే గోడ గోడలా ఉంటుంది. నల్ల బట్టలకి ఉల్టా, -1 దాకా తగ్గించాలి.

ఆదివారం క్లిక్కు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, ముగ్గురికీ థాంక్స్. నీడ అంచు లెక్క చదివి వెంటనే బాల్కనీలోకి వెళ్లి చెయ్యి గోడకి దగ్గరగా, దూరంగా పెట్టి చూశాను. వేళ్లు దగ్గరున్నప్పుడు గోళ్ల ఆకారం కూడా కనపడింది, ఒక అడుగు వెనక్కి రాగానే వేళ్ల మధ్య సందులు పూడుకుపోవడం మొదలైంది. ఇన్నేళ్లు చూసిందే అయినా చూడలేదు!

కిటికీ పక్క గారూ, మీ పద్ధతి నచ్చింది. ఒక్క అనుమానం, ఎప్పుడూ ఒకే చోట తీస్తే మీ ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయని ఎవరూ అనరా? మా ఛాలెంజ్‌లో లైకులు లెక్కేసి వారం వారం మొదటి మూడు ఫొటోలు ప్రకటిస్తారు. ఏ వారం చూసినా సూర్యాస్తమయమో, పసిపాప మొహమో, పొగమంచులో చెట్టో. నా తాళాల గుత్తి అక్కడ ఎవరికి కావాలి అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నా విసుగులో సగం ఇదేనేమో.

రెండో మూల:

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను గానీ చివరి పేరా చూశాక రాయక తప్పట్లేదు. అసలు విషయం చివర్లో చెప్పారు మీరు! ఐడియాలు రాకపోవడం కాదు మీ బాధ, వచ్చిన ఐడియాని లైకుల తరాజులో పెట్టి చూసి తీయకముందే పారేస్తున్నారు. తాళాల గుత్తి మీకు నచ్చింది. నచ్చిన మరుక్షణం 'ఎవరికి కావాలి' అన్నారు. అలాంటప్పుడు ఏ థీమ్ ఇచ్చినా బస్‌స్టాపే మిగులుతుంది.

నేను పోటీ ఉన్న ఛాలెంజ్‌లోంచి బయటికొచ్చి ఇద్దరు స్నేహితులతో కలిసి మొదలుపెట్టాను. థీమ్‌లు మేమే చీటీల మీద రాసుకుంటాం, వారానికొకటి లాగుతాం. లైకులుండవు. ఒక్కటే రూలు, ముగ్గురం ఒకరి ఫొటో గురించి ఒకరం కనీసం రెండు వాక్యాలు చెప్పాలి, అందులో 'బాగుంది', 'సూపర్' అనే మాటలు రాకూడదు. మొదట్లో చచ్చేంత ఇబ్బందిగా ఉండేది, ఏం చెప్పాలో తోచేది కాదు. ఇప్పుడు 'కుడిపక్క ఆ తెల్ల మచ్చ నా కన్ను లాగేస్తోంది', 'ఇంకొంచెం కింద నుంచి తీసి ఉంటే ఆ గీత తలలోంచి పోయేది కాదు' అని మామూలుగా అనేసుకుంటున్నాం. ఆ రెండు వాక్యాల వల్ల నా ఫొటోలు మెరుగైనంతగా ఇంక దేనివల్లా కాలేదు.

ఒకేలా ఉంటే ఏమంటారు అన్నారు కదా. బెర్న్డ్, హిల్లా బెకర్ అని జర్మనీలో ఒక ఫొటోగ్రాఫర్ల జంట 1959 నుంచి దశాబ్దాల పాటు వాటర్ ట్యాంకులు, కొలిమి గోపురాలు, బొగ్గు గనుల కట్టడాలు తీస్తూ పోయారు. అన్నీ ఎదురుగా నిలబడి, నీడలు పడకుండా మబ్బు పట్టిన రోజుల్లో, నలుపు తెలుపులో. విడిగా ఒక్క ఫొటో చూస్తే 'ట్యాంకు ఫొటోలో ఏముంది' అంటాం. తొమ్మిదో పదిహేనో వరసగా గోడకి పెడితే మాత్రం ఒక్కో ట్యాంకుకి ఒక్కో మొహం ఉన్నట్టు కనపడుతుంది. ఒకేలా తీశారు కాబట్టే తేడాలు బయటపడ్డాయి.

పాత ఫొటోల విషయంలో పాతలెన్స్ గారితో నాకు కుదరదు. వారంలో జ్వరం వచ్చి పడుకుంటే పాతది పెట్టండి, తప్పేముంది? కాకపోతే పెట్టేముందు దాన్ని మళ్లీ కొత్తగా క్రాప్ చేసి, ఎడిట్ చేసి పెట్టండి. అప్పట్లో పట్టించుకోని మూల ఒకటి థీమ్ కళ్లతో చూస్తే బయటపడుతుంది.

పాతలెన్స్:

జ్వరమొస్తే ఓకే అండి, అంత కసాయివాణ్ణి కాను. రెండు వాక్యాల రూలు మాత్రం ఎత్తుకుపోతున్నాను, మా గ్రూపులో పెట్టేస్తా.

కిటికీ పక్క:

అనేవాళ్లు అంటారండి, 'మళ్లీ కిటికీయేనా' అని. అననివ్వండి. మీకు ఒకటి అందిస్తాను, 'ఎదురుచూపు'కి కుళాయి దగ్గరికి వెళ్లండి. సరిగ్గా బిగించని కుళాయి అంచున బొట్టు ఊరుతూ ఊరుతూ పెద్దదై పడబోయే ముందు ఒక్క క్షణం అలా వేలాడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే అందులో వెనకున్న కిటికీ తలకిందులుగా కనిపిస్తుంది, బొట్టు చిన్న లెన్స్‌లా పనిచేస్తుంది కాబట్టి. ఫోకస్ కుళాయి మీద కాకుండా బొట్టు లోపలి బొమ్మ మీద పెట్టాలి.

ఆదివారం క్లిక్కు:

రెండూ తీస్తా, తాళాలూ బొట్టూ. థీమ్ పెట్టి రెండు రోజులే అయింది, ఆదివారం దాకా టైముంది. కిట్ లెన్స్‌తో బొట్టుకి అంత దగ్గరగా వెళ్తే ఫోకస్ అవుతుందా అనేదే సందేహం, ఫోన్‌తో తీయడం మేలా?

మసక అంచు:

కిట్ లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గర పెట్టి వీలైనంత దగ్గరగా తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. చాలా కిట్ లెన్స్‌లు పాతిక, ముప్పై సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోతాయి, బొట్టు చిన్నగా వచ్చినా పిక్సెల్స్ సరిపోతాయి. ఆటో ఫోకస్ వెనకున్న కిటికీకి పారిపోతూ ఉంటే మాన్యువల్‌లో పెట్టి, కెమెరానే కొంచెం ముందుకీ వెనక్కీ ఊపుతూ బరస్ట్‌లో (నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే మోడ్) తీయండి, ఒకటి కాకపోతే ఒకటి దొరుకుతుంది. షట్టర్ 1/500 కంటే తగ్గనివ్వకండి, దానికోసం ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెరిగినా పర్లేదు.

ఫోన్‌తో అయితే మ్యాక్రో మోడ్ ఉందేమో చూసుకోండి. చాలా ఫోన్లలో తెర మీద బొట్టు దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి, తర్వాత ఎక్స్‌పోజర్ కొంచెం కిందికి లాగండి, లేకపోతే బొట్టులోని కిటికీ తెల్లగా కాలిపోతుంది. తీసే ముందు కుళాయి మూతి ఒకసారి గుడ్డతో తుడవండి. దగ్గర నుంచి తీస్తే బొట్టు కంటే ఉప్పునీటి మరకలే ముందు కనపడతాయి.